తప్పుల వెనుక తల్లిభాష: పొరుగుభాష నేర్చుకొను విధము



ఇరువది యేండ్ల క్రిందట, ఉపాధ్యాయ శిక్షణ ముగించుకొని వచ్చిన క్రొత్తలో, నేను ఈ అడవిసీమయందలి యొక చిన్న పల్లె పాఠశాలలో పాఠములు చెప్పుచుంటిని. ఎండలు ముదురుచున్న దినములు. ఒకనాటి మధ్యాహ్నము లెక్కల పాఠము నడుచుచుండగా, అప్పుడే బడిలో చేరిన ఆరేండ్ల కోయబాలుడొకడు లేచి నిలిచి “ఏరు” అనెను. ఆ యూరి వెనుక నొక యేరు కలదు. పిల్లలు అందులో నీదులాడుటకు పోవుచుందురు. వీడును అందులకే సెలవడుగుచున్నాడని తలచి, కూర్చుండుమని సైగ చేసితిని. కొంతసేపటికి మరల లేచి ఆ మాటయే పలికెను. ఈసారి గద్దించితిని. మూడవమారు వాడు లేవలేదు. పలకమీద తల వాల్చి యేడ్చుచుండెను. అప్పుడు వెనుక వరుసలోని బాలిక యొకతె, “సార్, వాళ్ల మాటల ఏరంటే నీళ్లు సార్, వానికి దూపైతంది” అని చెప్పినది. నీళ్లకుండ నా బల్లకు మూరెడు దూరములోనే యుండెను.

ఆ దినమున నేను నేర్చుకొన్నది శిక్షణ కళాశాలలో నాకెవ్వరును చెప్పలేదు. బాలుడు స్పష్టముగానే పలికెను. నేనే నా తెలుగు చెవితో వాని మాటను విని, నాకు తెలిసిన యర్థమును దానికి తగిలించితిని. తప్పు నాది, దాహము వానిది. నాటినుండి తరగతిలో ఎవరైన తప్పు మాటలాడినచో, “వీడు మొద్దు” అని తలచుటకు ముందు, “వీని యింటిభాషలో దీనినెట్లందురు?” అని విచారించుట నాకలవాటైనది. పరభాష నేర్చుకొనువాని తప్పులలో పెక్కింటి వెనుక వాని తల్లిభాషా నియమమే యుండును. ఆ నియమమును కనిపెట్టినచో తప్పును దిద్దుట సులభము. కనిపెట్టనిచో ఎన్ని దెబ్బలు కొట్టినను దిద్దుకొనదు. ఈ సంగతినే మీకు ఉచ్చారణము, వ్యాకరణము, పదజాలము అను మూడు భాగములుగా వివరించెదను.

మన యూరి భాషలు

ఇల్లందు చిన్న పట్టణమే యైనను ఇక్కడి వీధులలో నాలుగైదు భాషలు వినబడును. ఈ యడవులలో కోయవారు అనాదిగా నివసించుచున్నారు. 1871వ సంవత్సరమున భూగర్భశాస్త్రజ్ఞుడైన విలియం కింగు ఈ ప్రాంతమున బొగ్గుపొరలను కనుగొనెను; 1889లో త్రవ్వకము మొదలైనది. గనులలో పనిచేయుటకు నలుదిక్కులనుండి జనులు వచ్చి చేరిరి. తండాలలో లంబాడీ భాష కలదు. నైజాము రాజ్యము నడచిన 1948వ సంవత్సరము వరకు కచ్చేరీలలో ఉర్దూ నడచినది. నేటికిని బజారులో వినబడుచున్నది. బడిలో తెలుగు, హిందీ, ఇంగ్లీషు ఉండనే యున్నవి. ఒక్క నీటినే మన పిల్లలు తమ తమ యిండ్లలో నీళ్లు, ఏరు, పాణి, పానీ అని నాలుగు విధములుగా అడుగుదురు. అందుచేత పరభాషాభ్యాసము మనకు దూరదేశపు విద్య కాదు. ప్రక్కన కూర్చున్నవానిని అర్థము చేసికొను విద్య.

ఇందు కోయభాషను గూర్చి మీలో ననేకులకు తెలియని సంగతి యొకటి కలదు. అది తెలుగు చెడిపోయి యేర్పడిన మాట కాదు. లిపి లేని గొణుగుడును కాదు. అది గోండీభాషతో చేరిన ద్రావిడభాష. భద్రిరాజు కృష్ణమూర్తిగారు మొదలైన భాషాశాస్త్రవేత్తలు తెలుగును గోండీ, కువి, కొండ మొదలైన భాషలతోకూడ మధ్య దక్షిణ ద్రావిడ శాఖయందు చేర్చిరి. అనగా వంశమునుబట్టి చూచినచో, తమిళ కన్నడములకంటె కోయయే మన తెలుగునకు దగ్గరి చుట్టము. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో నాలుగు లక్షలకు పైబడినవారు కోయను తమ మాతృభాషగా వ్రాయించుకొనిరి.

1. ఉచ్చారణము

పరభాషలోని ధ్వనిని నాలుక పలుకలేకపోవుటకు ముందు చెవి వినలేకపోవును. మన చెవి చిన్ననాటనే తల్లిభాషలోని ధ్వనులకు గదులు కట్టుకొనును. క్రొత్త ధ్వని వచ్చినపుడు దానిని దగ్గరనున్న గదిలోనికి త్రోసివేయును. తెలుగువారికి వకారమొక్కటే. ఇంగ్లీషునందు పైపండ్లు క్రిందిపెదవికి తగులునట్లు పలుకు వకారమొకటి, పెదవులు గుండ్రముగా చుట్టి పలుకు వకారమొకటి కలవు. ద్రాక్షతీగను, ద్రాక్షారసమును తెలుపు వారి రెండు మాటలకును భేదము ఆ మొదటి యక్షరమునందే యున్నది. మనము రెండింటిని “వైన్” అనియే పలుకుదుము. తీగను త్రాగినట్లును, రసమును పందిరికెక్కించినట్లును వినువారికి తోచును.

ఇది మనకు మాత్రమే కలిగిన లోపము కాదు. స్పెయిను దేశపు భాషలో “పెరో” అనగా “కాని” అని యర్థము, “పెర్రో” అనగా కుక్క. రేఫను ఒకమారు తాకించుట, పలుమార్లు కంపింపజేయుట అనునదే భేదము. ఇంగ్లీషువారు దీనికి నెలల తరబడి కష్టపడుదురు. గుఱ్ఱము, వెఱ్ఱి మొదలగు మాటలు పలుకుచు పెరిగిన తెలుగు బిడ్డకు ఇది పెద్ద పని కాదు. ఆ భాషలోనే వకార బకారములను రెండు వేర్వేరు అక్షరములతో వ్రాసియు ఒక్క తీరుననే పలుకుదురు. ఒక భాషవానికి కొండయైనది మరియొక భాషవానికి మెట్టయగును.

ఉచ్చారణమునుబట్టి మనుష్యుని తూచుట యెంత క్రూరమో న్యాయాధిపతుల గ్రంథము పండ్రెండవ అధ్యాయము చదివినవారెరుగుదురు. యొర్దాను రేవులయొద్ద గిలాదువారు “షిబ్బోలెతు” అని పలుకుమనిరి. ఎఫ్రాయిమీయులు “సిబ్బోలెతు” అనిరి. ఒక్క షకారము పలుకజాలనందున ప్రాణములు కోల్పోయిరి. తరగతిలో మనమెవ్వరిని చంపము. కాని శకారమును సకారముగా పలికిన పిల్లవానిని చూచి నలువదిమంది నవ్వినయెడల, వాడు ఆ దినమునుండి నోరు విప్పుట మానును. నోరు విప్పనివానికి భాష రాదు. ఇంతకును “శనివారము”ను “సనివారము” అనువారు తెలుగిండ్లలోనే యెందరు లేరు?

పొరుగుభాష మన భాషకే దీపము చూపు సందర్భమొకటి చెప్పెదను. పాత తెలుగు పుస్తకములలో వాఁడు, మూఁడు, నేఁడు అని అరసున్న కనబడును. ఇప్పటి అచ్చులో అది మాయమైనది. పద్యము చదువు విద్యార్థులు అది యెక్కడ నుండవలెనో తెలియక తికమకపడుదురు. కోయవారు “వాడు” అనుటకు ఓండు అనియు, “మూడు” అనుటకు మూండు అనియు, “నేడు” అనుటకు నేండు అనియు పలుకుదురు. మన నోట అరసున్నగా క్షీణించి పిమ్మట పూర్తిగా జారిపోయిన నాదము వారి నోట నిండుసున్నగా నిలిచియున్నది. మన పాఠ్యపుస్తకము మరచినదానిని ప్రక్క బల్లమీది కోయపిల్ల ప్రతిదినము పలుకుచున్నది.

2. వ్యాకరణము

ఒకసారి యొక బాలుడు తన యక్కలు పండుగకు వచ్చిరని చెప్పబోయి, “మా అక్కలు వచ్చినవి” అనెను. తరగతి ఘొల్లున నవ్వినది. ఆడవారిని పశువులవలె చెప్పినాడని యొక పెద్ద విద్యార్థి మందలించెను. కాని ఆ బాలుడు తన యక్కలను అవమానింపలేదు. ఇంటి వ్యాకరణమును బడికి తెచ్చెను, అంతే.

దీనిని శ్రద్ధగా గమనింపుడు. ద్రావిడభాషలలో లింగవిభాగము మూడు తీరులుగా నున్నది. తమిళమునందు ఏకవచనమున పురుషుడు, స్త్రీ, తక్కినవి అని మూడు రూపములు. బహువచనమున మనుష్యులు, తక్కినవి అని రెండు. తెలుగునందు ఏకవచనమున పురుషుడొకవైపు, స్త్రీయు తక్కినవియు నొకవైపు: తండ్రి వచ్చెను అన్నప్పుడు వాడుకలో “వచ్చినాడు”, తల్లి “వచ్చినది”, ఆవును “వచ్చినది”. బహువచనమునకు వచ్చునప్పటికి మనము స్త్రీలను పురుషులతో చేర్చి “వచ్చినారు” అందుము, ఆవులు మాత్రము “వచ్చినవి.” గోండీ, కోయ మొదలగు భాషలలో ఏకవచనమునందలి విభాగమే బహువచనమునందును సాగును: పురుషులొకవైపు, స్త్రీలును తక్కినవియు నొకవైపు.

కాగా నవ్వినదెవ్వరు? “అమ్మ వచ్చినది, ఆవు వచ్చినది” అని దినమునకు పదిమార్లు పలుకు మనమే. మన భాష ఒక మెట్టున మార్చుకొన్న నియమమును వారి భాష రెండు మెట్లను ఒకటిగా నుంచుకొన్నది. ఇది తెలిసిన ఉపాధ్యాయుడు ఆ బాలునితో, “బాబూ, మీ యింట ఆ మాట సరియైనదే, తెలుగులో మాత్రము అక్కలు ఇద్దరైనను పదుగురైనను అన్నలతో కలిసి ‘వచ్చినారు’ అనిపించుకొందురు” అని చెప్పును. ఒక్క వాక్యముతో పని తీరును. తెలియనివాడు సంవత్సరమంతయు ఎర్రసిరాతో దిద్దుచుండును.

రెండవ చిక్కు ప్రత్యయములలో నున్నది. తెలుగున “కు” అనునది విభక్తి ప్రత్యయము: ఊరికి, చెట్టుకు. కోయలో ననేక నామములకు “కు” అనునది బహువచన ప్రత్యయము. అనగా మన “లు” వంటిది. కావున కోయవారు పెక్కింటిని చెప్పుచుండగా, తెలుగువాడు ఒక్కదానికే యేదో యిచ్చుచున్నారని భ్రమపడును. చిన్న ప్రత్యయములు మన భాషలోనివానివలె కనబడినంతమాత్రమున వానిని నమ్మరాదు. అవి వాక్యమునందు చేయు పనిని చూడవలెను.

మన తెలుగుకూడ పరాయివారికి ఉచ్చులు పన్నకపోలేదు. “మనము”, “మేము” అను భేదము ఇంగ్లీషునందును లేదు, హిందీయందును లేదు. వినువానిని కలుపుకొన్నచో మనము, కలుపుకొననిచో మేము. తెలుగు నేర్చుకొను దొర ప్రార్థనలో “దేవా, మనము పాపము చేసితిమి” అనినయెడల, తన పాపములో దేవుని కూడ భాగస్థుని చేసినట్లగును. అట్లే మనము హిందీ పరీక్షలో “రోటీ అచ్ఛా హై” అని వ్రాయుదుము. రొట్టెకు స్త్రీలింగమేమి అని మనకు తోచును. వారికి “అచ్ఛీ” అనకున్న చెవి గీరుకొనును. లంబాడీ యింటి పిల్లలకు వస్తువులకు లింగముండుట ఇంటివద్దనే అలవాటు. ఈ పాఠమునందు వారు మనకు ముందు నడువగలరు. తరగతిలో ఎప్పుడును ఒక్కరే వెనుకబడినవారు కారు. పాఠము మారినచో వరుస మారును.

3. పదజాలము

బొత్తిగా క్రొత్తమాట మనలను మోసగింపదు. తెలియదని మనకే తెలియును, అడుగుదుము. మోసగించునది తెలిసినట్లు కనబడు మాట. స్పెయిను భాషలో “బుర్రో” అనగా గాడిద. దానికి సోదరియైన ఇటలీ భాషలో అదే మాటకు వెన్న అని యర్థము. రొట్టెపైకి వెన్న యడిగినవాడు గాడిదను తెమ్మన్నట్లగును. భాషలెంత దగ్గరి చుట్టములైన ఇట్టి మాటలంత హెచ్చుగా దొరకును. తెలుగు కోయల మధ్య నేను విని వ్రాసికొన్నవి కొన్ని చూడుడు. ఊరినిబట్టి పలుకుబడి కొంచెము మారుచుండును.

ఏరు: తెలుగున వాగు; కోయలో నీరు.

లోను: తెలుగున లోపల, కోయలో ఇల్లు.

నారు: తెలుగున నాటుటకు పెంచిన లేతమొలక, కోయలో ఊరు.

ఉండు: తెలుగున నిలిచియుండుట, కోయలో ఈ ధాతువునకు త్రాగుట అని యర్థము. తమిళమునందు తినుట అను నర్థము గల “ఉణ్” అనునది దీని బంధువే.

నన్న: తెలుగు చెవికి తండ్రియో, “నన్ను” అనియో తోచును, కోయలో నేను.

నిమ్మ: తెలుగున పులుపుకాయ, కోయలో నీవు.

“నన్న”, “నిమ్మ” అని యొక పిల్లవాడు చెప్పినప్పుడు, తండ్రి నిమ్మకాయ తెచ్చెనని యర్థము చేసికొనిన తెలుగు బాలుని నేనెరుగుదును. వాడు పాపము “నేను, నీవు” అని స్నేహము కలుపబోయెను.

ఈ పట్టిక చూచి భయపడవలదు. మోసగించు మాటలున్నట్లే, తోవ చూపు నియమములును కలవు. అందొకటి గుర్తుంచుకొనుడు. పూర్వము ఇకార ఎకారముల ముందుండిన కకారము తెలుగున చకారమైనది. కోయ గోండీలలో కకారముగనే నిలిచినది. మన చిచ్చు వారి కిస్సు, అనగా నిప్పు. మన చెవి వారియందు కెవి వంటి రూపము. మన చేయి వారియందు కయి వంటి రూపము. కన్నడమునందును కిచ్చు, కివి, కై అనియే యుండుట చూడుడు. ఒక్క నియమము తెలిసినయెడల వేర్వేరుగా బట్టీపట్టవలసిన మాటలు ఒక్క త్రాటికి కట్టిన పూసలగును. ఇట్టి నియమమును మీరే కనిపెట్టినప్పుడు కలుగు సంతోషము లెక్క కుదిరినప్పుడు కలుగు సంతోషమువంటిది.

4. పూర్వులు నేర్చుకొన్న విధము

పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండిన గిడుగు రామమూర్తిగారు (1863–1940) ఆ కొండలలోని సవరల మాటలు విని, వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పవలెనని తలచిరి. సవర ముండా కుటుంబపు భాష; తెలుగునకు చుట్టము కాదు. పుస్తకము లేదు, వ్యాకరణము లేదు. తెలుగు తెలిసిన సవరనొకని ఇంట నుంచుకొని, మాట మాటగా, కథ కథగా నేర్చుకొనిరి. పిమ్మట 1931లో సవరభాషా వ్యాకరణ గ్రంథమును, 1938లో సవర నిఘంటువును ప్రకటించిరి. ఒక బడిపంతులు చేసిన పని యిది.

మన గోదావరి తీరమున దుమ్ముగూడెమునందు మిషనరీగా పనిచేసిన జాన్ కెయిన్ గారు పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశాబ్దములలో కోయలతో మెలగి, వారి భాషను ఆచారములను గూర్చి వ్యాసములు వ్రాసిరి. 1969లో స్టీఫెన్ టైలర్ అను అమెరికా పండితుడు గొమ్ముకోయల భాషకు వ్యాకరణమును ప్రకటించెను. 2004లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము కోయ, గోండీ, కొలామీ, సవర మొదలగు ఎనిమిది భాషలలో, తెలుగులిపితోనే, చిన్నతరగతులకు మాతృభాషలో బోధన నారంభించెను. ఇంటిభాషలో చదువ నేర్చినవానికి రెండవ భాష బరువు కాదను నమ్మకము ఆ ప్రయత్నమునకు మూలము.

వీరి పద్ధతినుండియు, నా యనుభవమునుండియు తేలిన సూత్రములు కొన్ని:

మొదట వినుడు, పిమ్మట పలుకుడు. ఒక వాక్యమును పదిమార్లు వినక నాలుకను కదపవలదు.

విడిమాటలను బట్టీపట్టవలదు, వాక్యములను నేర్చుకొనుడు. “ఏరు” అను మాటను విడిగా వినబట్టి నేను మోసపోతిని.

ఒక నోటుపుస్తకమున రెండు వరుసలు గీయుడు. రూపమును అర్థమును కలిసిన మాటలు ఒకవైపు, రూపము కలిసి అర్థము కలియనివి రెండవవైపు వ్రాయుడు. రెండవ వరుసను వారమునకొకసారి చదువుడు.

తప్పు దిద్దుమని స్నేహితుని అడుగుడు, దిద్దినప్పుడు కోపపడవలదు. ఇతరుల తప్పు దిద్దునప్పుడు నవ్వవలదు.

తలిదండ్రులకు విన్నపము

“మా వాడు బడిలో వెనుకబడుచున్నాడు, కనుక ఇంట కోయ మాటలాడుట మానినాము” అని కొందరు నాతో చెప్పిరి. లంబాడీ తలిదండ్రులును ఇట్లే చెప్పుచుందురు. అయ్యలారా, అమ్మలారా, అట్లు చేయవలదు. ఇంట మీకు వచ్చిన నిండుభాషను మాన్పించి, మీకే సగము వచ్చిన తెలుగును బిడ్డకు నేర్పినయెడల, వానికి రెండును సగములే యగును. కథలు, లెక్కలు, చుట్టరికములు, చెట్లపేర్లు మీ మాటలోనే చెప్పుడు. తెలుగు నేర్పుట మా పని. ఆ పనికి మీ భాష అడ్డము కాదు, మెట్టు.

దప్పికగొని యేడ్చిన ఆ బాలుడు ఆ సంవత్సరమంతయు సాయంకాలము బడి విడిచిన పిదప నా యొద్ద కూర్చుండి నాకు కోయ నేర్పెను. నేను తప్పు పలికినప్పుడు వాడొక్కమారును నవ్వలేదు. మరల మెల్లగా పలికి, నా నోటివంక చూచుచుండెడివాడు. బోధనాపద్ధతిని గూర్చి పుస్తకములలో చదివినదంతయు వానియందు చూచితిని.

అభ్యాసము

1. మీ వీధిలో నీరు, నిప్పు, ఇల్లు, ఊరు, నేను, నీవు అను మాటలను ఎన్ని భాషలలో అందురో విచారించి వ్రాయుడు.

2. తెలుగున చకారముతో మొదలై, కన్నడమునందు గాని కోయలో గాని కకారముతో మొదలగు మాటలను మూడింటిని కనుగొనుడు. పైన చెప్పినవి కాక వేరువి కావలెను.

3. “మా చెల్లెండ్రు వచ్చినవి” అని వ్రాసిన స్నేహితునికి, అతడు నొచ్చుకొనకుండ తెలుగు నియమమును వివరించుచు అయిదు వాక్యములు వ్రాయుడు.

4. పరభాష మాటలాడునప్పుడు మీరు చేసిన తప్పునొకదానిని వ్రాసి, దాని వెనుకనున్న మీ తల్లిభాషా నియమమేదో తెలుపుడు.